నంబరున్నోళ్లు, నంబరు లేనోళ్లు

మా అత్త నంబరు మీద మా తోడికోడలు తన వయసంత బీడీలు చేసింది. ఆ ముచ్చట చెప్తెగాని మీకు ఈ పీఎఫ్ సంగతి సమజ్ కాదు. ఆ కట్టెలు కొంచెం ఎగదొయ్యుండ్రి, చెప్త.

అప్పట్ల మా కామారెడ్డి దిక్కు గాని, నిజామాబాద్, కోరుట్ల, మెట్‌పల్లి గాని, ఏ వాడకట్టుకు పోయినా ఆడోళ్ల ఒళ్లె చాట ఉండేది. చాటల ఆకు, తంబాకు, దారం. తునికాకును నీళ్లల్ల నానవెట్టి, తడిగుడ్డల చుట్టి, రేకు కొలత పెట్టి కత్తెరతోని కత్తిరించేది. కత్తిరించి కత్తిరించి బొటనవేలి మీద కాయ కాసేది. ఇగ తంబాకు పోసుడు, చుట్టుడు, దారం కట్టుడు, మూతి ముడుచుడు. 25 బీడీలకు ఒక కట్ట. కూలి లెక్క వెయ్యి బీడీలకు. కార్ఖానకు తీస్కపోతె ఆడ కట్టలు చూసేటోడు ఇది సన్నగున్నది, దీని ఆకు పలిగింది అని తీసి పక్కకు పారేస్తుంటె పానం ఉసూరుమనేది. ఆ పారేసిన బీడీల ముచ్చట యాది పెట్టుకోండ్రి, మళ్ల వస్త.

1952ల పీఎఫ్ చట్టం వచ్చినప్పుడు మొదలు ఆరు పరిశ్రమలకే పెట్టిన్రు. బట్టల మిల్లులు, సిమెంటు, కాగితం, ఇనుము, ఇంజినీరింగు సామాను, సిగరెట్లు. చూసిన్రా, సిగరెట్టు చేసేటోనికి ముసలితనం ఉన్నది గని బీడీ చేసేదానికి లేదు! మనదాక వచ్చేటాలకు 1977 అయింది. వచ్చిందంటె వెంటనే ఇచ్చిన్రా? ఇంట్ల కూసోని చేసేటోళ్లు మా పనోళ్లెట్లయితరు, మేం వాళ్ల ఇంటికొచ్చి చూస్తున్నమా అని యజమానులు సుప్రీంకోర్టు దాక పోయిన్రు. 1985ల తీర్పొచ్చింది. బీడీ మంచిదో కాదో చూసి పారేసే హక్కు మీకున్నదంటె పని మీద అదుపు మీదేనాయె, అందుకని ఇంట్ల చేసేటోళ్లు సుత మీ పనోళ్లే అన్నది కోర్టు. మమ్ముల ఏడిపించిన ఆ పారేసుడే మాకు సాక్ష్యమయింది.

ఇగ కూలిలకెళ్లి పీఎఫ్ కోత మొదలయింది. ఇయ్యాల్టికి సుత బీడీలోళ్లకు నూటికి పది రూపాలే, వేరే కంపెనీలల్ల చానమట్టుకు పన్నెండు. మనం ఎంతనో యజమాని గంతనే కలపాలె. 1995ల పెన్షన్ స్కీము వచ్చినంక యజమాని పదిలకెళ్లి ఎనిమిది రూపాల ముప్పైమూడు పైసలు పెన్షన్ దిక్కు పోతయి. చేసిందే చారెడు, అండ్ల కోత ఒకటా అని వాడకట్టంత సణిగేది. నేను సుత సణిగిన. గని చేతికి రాని పైసలు గనుకనే మిగిలినయి. చేతికొచ్చిన పైసలు ఉప్పుకు, చింతపండుకు, మొగోళ్ల కల్లుకు ఎటువోయినయో ఎవలకెరుక?

పీఎఫ్ నంబరు అడిగినోళ్లందరికి ఇచ్చేది కాదు. ఇంటికొకటి ఉంటె ఉన్నట్టే. మా ఇంట్ల మొదలు అత్తకొచ్చింది, తర్వాత నాకొకటి దొరికింది. మా తోడికోడలు మా అందరికన్న చెయ్యి వేగం. ఆమె చేసిన కట్టలన్ని అత్త పుస్తకంల ఎక్కేటియి. అత్తకు కండ్లు మసకవడి చాట పక్కకు పెట్టినంక సుత కట్టలు అత్త పేరు మీదనే పోయినయి. అత్త పోయినంక ఆ పీఎఫ్ పైసలు నామినీ కాగితంల పేరున్న కొడుకులకొచ్చినయి. కోడలి పేరు కాగితంల యాడ లేదు.

తెలంగాణ వచ్చినంక సర్కారు బీడీలోళ్లకు నెలకు 1,000 రూపాల జీవనభృతి అన్నది. 2019ల అది 2,016 అయింది. దానికి 2014 ఫిబ్రవరి నెలాఖరుకన్న ముందటి పీఎఫ్ ఉండాలె. మా తోడికోడలు ఆఫీసుకు పోయింది. సారు మంచోడే, కుర్చేసి కూసోవెట్టిండు. “అవ్వా, నీ నంబరెంత?” అన్నడు. ఈమె బొటనవేలు చూపెట్టింది. ఆయిన చానసేపు ఆ వేలు దిక్కే చూసి, “దీన్ని కంప్యూటర్ల ఎట్ల ఎక్కియ్యాలె అవ్వా” అన్నడట.

అంతకుముందు 2009ల మహిళా సంఘాలల్ల అభయహస్తం పింఛను పెడితె మాత్రం తన పేరు తనే రాపిచ్చుకున్నది. రోజుకు రూపాయి మనది, రూపాయి సర్కారుది, అరవై నిండినంక నెలకు తక్కువల తక్కువ 500. ఆమె తలరాత, తర్వాత అది సుత ఆగింది, కట్టిన పైసలు వాపసిచ్చిన్రు.

నంబరుండి పోగొట్టుకున్నోళ్లు ఇంకో రకం. పెన్షన్‌కు పదేండ్ల సర్వీసు కావాలె. మా వాడకట్టుల ఒకామె బిడ్డ పెండ్లికని, పదేండ్లు నిండకముందే పీఎఫ్‌తోని పాటు పెన్షన్ పైసలకు సుత కాగితం పెట్టి అన్ని తీసుకున్నది. 58 నిండినంక నాకేది అంటె ఏముంటది? జీతాన్ని సర్వీసు ఏండ్లతోని గుణించి 70తోని భాగిస్తరు, అదే పెన్షన్. మా కూలికి లెక్కేస్తె కొందరికి వందలల్లనే పడేది. 2014 సెప్టెంబరుల కనీసం వెయ్యి చేసిన్రు. వెయ్యికి ఏమొస్తదే అవ్వా అని మీరు నవ్వుతరు. నా బీపీ గోలీలొస్తయి. నా కొడుకు ముంగట చెయ్యి చాపుడు తప్పుతది.

ఇగ నీ ముచ్చటకొస్త. నువ్వు హైదరాబాదుల కంపెనీ మారినప్పుడల్ల పీఎఫ్ తీసుకుంటున్నవని మీ అమ్మ చెప్పింది. మీకు పన్నెండంకెల నంబరున్నది, కంపెనీ మారినా అది మారది, పాత పైసలు కొత్త దాంట్లెకు మలుపుకోవచ్చు. పెండ్లయినంక నామినీ మళ్ల రాసినవా? ఫోన్ల చూడు, ఇప్పుడే చూడు. మా తోడికోడలి మనుమరాలు బట్టల దుకాణంల పని చేస్తది, ఆడ పనోళ్లు ఇరవైకి మించే ఉంటరు, అంటె పీఎఫ్ ఉండాలె. ఆ పిల్లకు సుత ఫోన్ చేసి అడుగు, నెలనెల కోస్తున్నరా, ఎవరి పేరు మీద కోస్తున్నరని.