రెండు కాలువల సీమలు

స్పెయిను దేశపు విద్యాశాఖవారు ఏటేట అన్యదేశములనుండి కొందఱిని సంభాషణ సహాయకులను పేరున పిలిపించి, తమ పాఠశాలలలో ఉపాధ్యాయుల ప్రక్కన నిలుపుచుందురు. సహాయకుడు తరగతిని తానై నడపనక్కరలేదు. పిల్లలతో ఇంగ్లీషున మాటలాడుచు, తన దేశపు సంగతులు వారికి తెలుపుచుండిన చాలును. వారమునకు కొలది గంటల పని. నెలకింత యని వేతనము. అమలాపురమునకు చేరువనున్న యొక పల్లెలో ఇంగ్లీషు చెప్పుకొనుచున్న నేను ఆ వేతనమునకై దరఖాస్తు పెట్టుకొని, వలెన్సియా ప్రాంతమును కోరుకొంటిని. అది వరి పండు సీమయని మాత్రమే అప్పటికి నాకు తెలియును. ఏడాదిగా దానికై నేనెట్లు సిద్ధపడుచున్నానో, ఆ సిద్ధపాటు నన్ను ఎచ్చటికి తీసికొనిపోయినదో నేటి ప్రసంగమున మనవి చేసెదను.

సిద్ధపడుటయనగా పాస్‌పోర్టు, పోలీసువారి ధ్రువపత్రము, డాక్టరుగారి ధ్రువపత్రము, వానిపై ముద్రలు, ఆ ముద్రలు నిజమైనవేయని మఱల ముద్రలు - ఇంతేయని మొదట అనుకొంటిని. ఓర్పుగల యెవనికైనను ఇవి సాధ్యములే. వానితో మీ కాలము హరింపను. నన్ను నిజముగా చిక్కులబెట్టినది ఒక ప్రశ్న.

ఈ విషయమున నాతో మాటలాడిన వారిలో ఒక పెద్దమనుష్యుడు, మీ ప్రాంతమెట్టిదని నన్నడిగెను. కొబ్బరితోటలు, గోదావరి పాయలు, లంకలు, పడవలు అని పర్యాటకులకు పంచు కరపత్రమువలె వర్ణించితిని. ఆయన ఓపికతో విని, "నీరు చాలని యేడు మీ కాలువ క్రింద ఎవరికి ముందు, ఎవరికి వెనుక యని తీర్పు చెప్పువా రెవరు?" అనెను. నేను రైతు బిడ్డను. దాళ్వా రోజులలో మా తండ్రిగారు రాత్రులందు లాంతరు పట్టుకొని తూముకడ కావలి యుండుట కన్నులార చూచినవాడను. అయినను నా నోట "గవర్నమెంటువారు" అను మాట తప్ప మఱియొకటి రాలేదు. ఆయన నవ్వి, "వలెన్సియాలో ఆ పని రైతులే చేసికొందురు" అనెను. నేను సిగ్గుపడి యింటికి వచ్చితిని. నా చదువు ఆ దినముననే మొదలైనదని చెప్పవలెను.

వలెన్సియా నగరము తూరియా యను నది యొడ్డున, మధ్యధరా సముద్రమునకు సమీపమున నున్నది. దాని చుట్టునున్న పల్లపు భూములకు తూరియా నీరు ఎనిమిది కాలువలుగా పాఱును. దక్షిణమున నొక సరస్సు. దాని చుట్టును వరిమళ్లు. అరబ్బులు ఆ దేశము నేలిన కాలమున కాలువ పద్ధతులను పెంపొందించి, వరిని నారింజను అచ్చట నాటించిరి. 1238లో ఆరగాను రాజగు మొదటి జేమ్సు ఆ నగరమును జయించినపుడు మతము మాఱినది, ప్రభుత్వము మాఱినది; నీటి కట్టుబాట్లను మాత్రము ఆయన వెనుకటివలెనే యుండనిచ్చెను. రాజ్యములు గెలిచినవారికి ఇంతటి వివేకము తఱచుగా కలుగదు.

ఆ కట్టుబాట్లనుండి వచ్చినదే వలెన్సియా నీటి న్యాయసభ. ప్రతి గురువారమును మధ్యాహ్నము పండ్రెండు గంటలు కొట్టగనే, ప్రధాన దేవాలయపు అపోస్తలుల ద్వారముకడ ఎనిమిది కాలువల ప్రతినిధులు నల్లని అంగీలు తొడిగికొని కుర్చీలలో కూర్చుందురు. వారు న్యాయశాస్త్రము చదివినవారు కారు. కాలువ క్రింది రైతులు, తోడి రైతులు ఎన్నుకొన్నవారు. బంట్రోతు ఒక్కొక్క కాలువ పేరు పిలుచును. పొరుగువాని వంతులో నీరు త్రిప్పుకొన్నవాడో, గట్టు తెగనిచ్చినవాడో వచ్చి నిలువబడును. ప్లీడర్లు లేరు; వాదమంతయు నోటిమాటగా జరుగును. కుడి యొడ్డు రైతుపై నేరము వచ్చినపుడు తీర్పు ప్రతిపాదించునది ఎడమ యొడ్డు ప్రతినిధి. ఎడమ యొడ్డువానిపై వచ్చిన కుడి యొడ్డువాడు. తీర్పు అచ్చటికచ్చటనే, దానిపై అప్పీలు లేదు. ఈ సభను 2009లో యునెస్కో సంస్థవారు మానవజాతి వారసత్వపు పట్టికలో చేర్చిరి. నేడది యాత్రికులు చూడవచ్చు వేడుకయు నైనది. ఒక్కొక్క గురువారము ఫిర్యాదులే యుండవట. ఫిర్యాదు లేకున్నను సభ కూడుట మానదు. నాకు నచ్చినది ఇదియే.

ఇది చదివి మన కాలువల చరిత్ర తిరుగవేసితిని. ధవళేశ్వరముకడ ఆనకట్ట 1847లో మొదలై 1852లో ముగిసినది. దానిని కట్టిన సర్ ఆర్థరు కాటను విద్య యంతయు ఇంగ్లండునుండి తెచ్చినది కాదు. ఇసుక నేలపై రాతికట్ట నిలువగలదని ఆయనకు నేర్పినది చోళులు కావేరిపై కట్టిన కల్లణై. ఆయన పేరు చెప్పుకొనునపుడు తోడుగా నిలిచి పని నడపిన వీణం వీరన్నగారి పేరును చెప్పవలసియున్నది. ఆపిమ్మట గన్నవరముకడ వైనతేయ పాయపై వంతెనవంటి కట్టడము కట్టి, దానిమీదుగా కాలువను దాటించి, రాజోలు వైపు లంకభూములకు నీరందించిరి. క్రింద ఏఱు, పైన కాలువ: చిన్ననాడు దానిని చూచి, రెండు నీళ్లును పోట్లాడుకొనవా యని నేనడిగితినట.

ఆనకట్ట ముగిసిన పదునైదేండ్లకు, అనగా 1867-68లో, ఇండియా ప్రభుత్వమువారు స్కాట్-మాన్‌క్రీఫ్ అను ఇంజనీరును ఫ్రాన్సు, స్పెయిను, ఇటలీ దేశములకు పంపిరి. పురాతనముగా కాలువలు గల దేశములలో నీటిని ఎట్లు పంచుకొందురో చూచి రమ్మనుట ఆయనకిచ్చిన పని. ఆయన నివేదిక 1868లో అచ్చైనది. దానికి ఒక యేడు ముందుగా తూర్పు స్పెయిను కాలువలపై క్లెమెంట్స్ మార్ఖాము వ్రాసిన నివేదిక వెలువడినది. ఈ మార్ఖామే 1860లో పెరూ దేశమునుండి సింకోనా మొక్కలు తెప్పించి నీలగిరులలో నాటుటకు కారకుడు. మన్యపు జ్వరమునకు మందైన క్వయినా ఆ చెట్టు బెరడునుండి వచ్చినదే. వరిమళ్లవలన జ్వరములు పుట్టునని వలెన్సియాలో పూర్వము ప్రభువులు పలుమాఱులు వరిసాగును నిషేధించిరి. కాలువ వచ్చినచోట పంటయు వచ్చును, దోమయు వచ్చును. ఇది రెండు సీమల అనుభవము.

చూడుడు! నూటయేబది యేండ్లకు పూర్వమే మన కాలువల ప్రభువులు వలెన్సియాకు పోయి చదివివచ్చిరి. నివేదికలు వచ్చినవి; ఆ సభ మాత్రము మన యొడ్డునకు రాలేదు. చెరువుల క్రింది గ్రామములలో నీరుగంటి యనువాడు మడి మడికి నీరు పంచు ఆచారము మన దేశమున పూర్వమునుండి కలదు. డెల్టాలో కాలువ సర్కారుది, లాకులు సర్కారువి, లస్కరు సర్కారు నౌకరు. రైతునకు మిగిలినది అర్జీ యొక్కటియే. రైతులు ఎన్నుకొను నీటి సంఘములకు చట్టము 1997లో గాని రాలేదు. ఆ సంఘములు ఎంతవఱకు పనిచేసినవో మీలో పొలము గలవారు నాకంటె బాగుగా చెప్పగలరు. 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామము ప్రకటించి మళ్లు బీడు పెట్టిరి. గిట్టని ధరలు, కూలీల కొఱత, పూడిపోయిన మురుగు కాలువలు వారు చెప్పిన కారణములు. అన్నపూర్ణ యని పేరు పడిన సీమలో రైతు నాటనని కూర్చుండుటను అప్పుడు వార్తగా చదివితిని. ఇప్పుడు చరిత్రగా చదువుచున్నాను.

ఇక భాష సంగతి. స్పానిషు భాషను ఇంగ్లీషు ద్వారమున నేర్చుకొనుచు మొదట కష్టపడితిని. పిమ్మట తెలుగు ద్వారము తెఱచితిని, పని సులువైనది. వారి త కారము, ద కారము మనవలె దంతములకు తగులునవి, ఇంగ్లీషువారివలె ట, డ లు కావు. అన్నిటికంటె చిత్రము వారి రెండు రేఫములు. 'పెరో' అనగా 'కాని'; 'పెఱ్ఱో' అనగా కుక్క. 'కారో' అనగా ప్రియమైనది - మన 'ప్రియము' వలెనే ఇష్టమైనదనియు, వెల హెచ్చనియు రెండర్థములు. 'కఱ్ఱో' అనగా బండి. మన నోట పోయి, వ్రాతలోనుండియు జాఱిపోయిన బండి ఱ అచ్చట బండి యను మాటలోనే నిలిచియుండుట చూచి నాకు నవ్వు వచ్చినది. చిన్నతనమున ఱ కారము తప్పువ్రాసి తిన్న దెబ్బలకు నేటికి ఫలము దక్కినది.

మాటల చుట్టఱికములును కలవు. సంస్కృతపు నారంగము పారసీకము, అరబ్బీలమీదుగా పోయి వారికి 'నరాన్హ' ఐనది, మనకు నారింజ. శర్కర అట్లే పోయి 'అసూకర్' ఐనది. బియ్యమును వారు 'అఱ్ఱోస్' అందురు. ఈ మాటకు మూలము మన దక్షిణదేశపు వరి, అరిసి శబ్దములలో కలదని కొందఱు పండితులందురు, అందఱు ఒప్పరు. నేను వరిపొలపువాడను గనుక ఒప్పుకొను పక్షమున నున్నాను. కొబ్బరికాయ వారికి 'కోకో'. కాయకున్న మూడు కన్నులు చూచి, పిల్లలను బెదరించు బూచి మొగమని పోర్చుగీసు నావికులు పెట్టిన పేరట అది. అంబాజీపేట సంతలో ఈ మాట చెప్పితినేని ఎవరును మెచ్చరు. వలెన్సియాలో స్పానిషే కాక వలెన్సియా భాషయు కలదు. బడులలో రెండును చెప్పుదురు. నీటి సభలో తీర్పులు ఆ ఇంటిభాషలోనే. అందుచేత దానిని గూడ కొంత కూడబలుకుకొనుచున్నాను.

అక్కడి పిల్లలకు చెప్పుటకు ఒక పాఠము సిద్ధపఱచుకొమ్మనిరి. పండుగలను గూర్చి వ్రాసి చించివేసితిని. ఇంతలో 2024 అక్టోబరు 29న వలెన్సియాలో జలప్రళయము సంభవించినది. ఒక్కనాటి వానకు వాగులు పొంగి నగరమునకు దక్షిణమునున్న ఊళ్లు మునిగినవి. 220 మందికి పైగా మరణించిరి. 1957లో తూరియా పొంగి నగరమును ముంచినపుడు, నదిని నగరమునకు వెలుపలగా క్రొత్త దారికి మరలించి, పాత గర్భమును తోటగా మార్చిరి. ఆ క్రొత్తదారి ఈమాఱు నగరమును చాలవఱకు కాపాడినది. దాని ఆవలి ఊళ్లను కాపాడలేకపోయినది. ఫోనులలో హెచ్చరిక మ్రోగునప్పటికి కొన్ని వీథులలో నీరు నడుములోతున నుండెనట.

ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 1996 నవంబరు 6 జ్ఞప్తికి వచ్చినది. తుపాను వచ్చునని రేడియోలో వినియే యుంటిమి. తుపానులు మనకు క్రొత్తవా యని అనుకొంటిమి. ప్రొద్దుగ్రుంకిన పిమ్మట గాలి హోరు మొదలైనది. మా నాయనమ్మ పిల్లల నందఱిని వడ్లగాదె ప్రక్కకు చేర్చి, తడిసిన దుప్పటి కప్పి, రామనామము చెప్పుమనెను. తెల్లవాఱి చూతుము గదా, తోట లేదు. చెట్లన్నియు ఒకే దిక్కునకు తలలు పెట్టి పండుకొనియుండెను. బలుసుతిప్ప, భైరవపాలెము మొదలగు తీరపు పల్లెలలో సముద్రమునకు పోయినవారు అనేకులు తిరిగి రాలేదు. మొత్తము మృతులు వేయిమందికి పైగా. క్రొత్తగా నాటిన కొబ్బరిమొక్క కాపునకు వచ్చుటకు ఆఱేడేండ్లు పట్టును. అంతకాలము మా నాయనమ్మ పచ్చడికి కాయ కొనుక్కొనవలసి వచ్చుటయే అవమానముగా తలచెను.

కావున నా పాఠము ఇదియే: ఆ రాత్రి, ఆ తెల్లవాఱు. తుపాను ఎఱిగిన పిల్లవాడు వరద ఎఱిగిన పిల్లలకు చెప్పు మాట. పిమ్మట వారి కాలువల మాట వారే చెప్పుదురు, నేను వ్రాసికొందును.

ప్రయాణమునకు ముందుగా, మా కాలువపై ముప్పదేండ్లు లస్కరుగా పనిచేసి విశ్రాంతి గొన్న ముసలివానిని చూడబోయితిని. వంతులవారీ నీరు వదలిన యేండ్లలో తాళము చేత బట్టుకొని రాత్రులు గట్టుమీద నడచినవాడు. ఎగువవారి తిట్లును, దిగువవారి తిట్లును తిన్నవాడు. వలెన్సియా సభను గూర్చి నేను చెప్పినదంతయు చుట్ట ఆర్పకుండ విని, చివరకు ఒక్కటియే అడిగెను. "ఆయ్, బాగానే ఉందండి మాస్టారూ. మరి ఆ ఊళ్లో శివారు పొలాలుంటాయా అండి? వాళ్లకి నీళ్లు అందుతాయా?"

నేను చదివిన పుస్తకములలో కాలువ మొదలు కలదు, సభ కలదు. శివారు రైతు మాట లేదు. ఆ ప్రశ్నను నా చిన్న పుస్తకములో మొదటి పుటపై వ్రాసికొంటిని. మొదటి గురువారమున ఆ ద్వారముకడ దానిని అడుగవలెను. స్పానిషులో వాక్యము కూర్చుకొంటిని. వలెన్సియా భాషలో ఇంకను కుదురలేదు.