వెలుతురుకి వన్ వే

పోలీసు సినిమాల్లో చూసే ఉంటారు. అద్దానికి ఇవతల నిందితుడు, అవతల చీకటి గదిలో ఆఫీసర్లు. దాన్ని వన్ వే మిర్రర్ అంటారు. ఇంజనీరింగ్‌లో చేరేదాకా నేనూ అది నిజమే అనుకున్నా :) నిజానికి ఆ అద్దం రెండు వైపులా కాంతిని ఒకేలా పంపిస్తుంది. చీకటి గదిలో లైటు వేస్తే గుట్టు రట్టే. మామూలు పదార్థాల్లో కాంతి వెళ్ళిన దారినే వెనక్కి రాగలదు.

ఈ నియమానికి 1845 సెప్టెంబర్లో లండన్‌లో బీట పడింది. ఫారడే సీసం కలిసిన బరువైన గాజు ముక్కని అయస్కాంత క్షేత్రంలో పెట్టి కాంతి పంపితే, దాని పోలరైజేషన్ కాస్త పక్కకి తిరిగింది. చక్కెర నీళ్ళూ తిప్పుతాయిగా అంటారేమో. తేడా అంతా తిరుగు ప్రయాణంలో ఉంది. చక్కెర నీళ్ళలో వెనక్కొస్తే ఆ మెలిక విడిపోతుంది. అయస్కాంతం దగ్గరైతే రెట్టింపవుతుంది.

1885లో లార్డ్ రేలీ దీన్ని పట్టుకున్నాడు. మెలిక 45 డిగ్రీలు ఉండేలా చూసి, రెండు చివరలా పోలరైజర్లు సరైన కోణంలో పెడితే, ఒకవైపు నుంచి దారి, రెండోవైపు నుంచి గోడ. విల్హెల్మ్ వీన్‌కి ఇది మింగుడు పడలేదు. ఒకే వేడి ఉన్న రెండు వస్తువుల మధ్య దీన్ని పెడితే ఒకటి వేడెక్కుతూ, ఇంకోటి చల్లబడుతూ పోవాలి కదా? అప్పుడు థర్మోడైనమిక్స్ రెండో సూత్రం గతేంటి?

మొత్తం కథలో నాకు నచ్చింది ఈ గొడవే. 1901లో రేలీ జవాబిచ్చాడు. కిటుకేంటంటే, ఆపేసిన కాంతి ఫైర్‌వాల్ డ్రాప్ చేసిన ప్యాకెట్‌లా మాయమైపోదు. పోలరైజర్ దాన్ని పక్కకి తోస్తుంది. వెనక్కి పంపితే అది మళ్ళీ తిరిగొస్తుంది. ఎవరైనా మింగితే వాళ్ళూ వేడెక్కి వెలుగు చిమ్ముతారు. లెక్క సరిపోయింది.

తర్వాత 1952లో బెల్ ల్యాబ్స్‌లో హోగన్ ఫెర్రైట్‌తో మైక్రోవేవ్‌లకి ఇదే పని చేసి చూపించాడు.

అసలు పోలరైజర్లే లేకుండా, పొరల అమరికే వన్ వే అయితే? 2001 నుంచి కాలిఫోర్నియా యూనివర్సిటీ, ఇర్వైన్‌లో ఫిగోటిన్, విటెబ్‌స్కీ ఈ లెక్క వేశారు. ఒట్టి అయస్కాంతం చాలదు. అక్షాలు ఒకదానికొకటి ఏటవాలుగా ఉన్న రెండు స్ఫటిక పొరలు, ఒక అయస్కాంతీకరించిన ఫెర్రైట్ పొర, మళ్ళీ అవే మూడు, అలా పేర్చుకుంటూ పోవాలి. ఆ అక్షాలు సమాంతరంగానో, సరిగ్గా లంబంగానో ఉంటే ఏమీ జరగదు. సరిగ్గా కుదిరితే, ఒకానొక ఫ్రీక్వెన్సీ దగ్గర ఒకవైపు నుంచి వచ్చిన తరంగం మామూలుగా దాటిపోతుంది. ఎదురుగా వచ్చింది లోపలికైతే వస్తుంది, కానీ వేగం సున్నా అయిపోయి అక్కడే గడ్డకడుతుంది. 2003 పేపర్ దీని గురించే. అసలైన ఫెర్రైట్ ఎంతోకొంత శక్తి మింగుతుంది కాబట్టి, ఆ ఇరుక్కున్న తరంగం చివరికి వేడిగా మారుతుంది. మళ్ళీ రేలీ లెక్కే!

మన డేటా మోసే దూరప్రాంత ఫైబర్లలో, వెనక్కొచ్చే కాంతి లేజర్‌ని చెడగొట్టకుండా ముందు ఐసోలేటర్ పెడతారు. మిగతావన్నీ సిలికాన్ చిప్ మీదకి ఎక్కేస్తున్నాయి. దీనికి మాత్రం ఇప్పటికీ మామూలుగా విడిగా ఒక అయస్కాంతం ముక్క అతికించాల్సిందే.