మంచినీటికీ ఉప్పునీటికీ నడుమ

మన ఇందుకూరుపేట పెన్నకు దక్షిణాన, నది సముద్రంలో కలిసే చోటుకు దగ్గర్లో ఉంది. నెల్లూరు ఆనకట్ట నీళ్ళు వచ్చి మన వరిమళ్ళు తడిపాయి. తూర్పున మైపాడు మత్స్యకారులకు సముద్రమే చేను. 1921 ఏప్రిల్ 7న గాంధీజీ పల్లిపాడులో ప్రారంభించిన పినాకినీ సత్యాగ్రహాశ్రమానికీ పెన్న పేరే పెట్టారు.

మేం బడి వదిలాక రొయ్యల గుంటలొచ్చాయి. ఉప్పునీరు వరిమడి పక్కకు చేరింది. అప్పులు తీరిన ఇళ్ళున్నాయి, బావినీరు ఉప్పెక్కిన ఇళ్ళూ ఉన్నాయి. తీరంలో ఈ సాగును 1996లో సుప్రీంకోర్టు కట్టడి చేసింది. 2005 చట్టంతో అనుమతుల పద్ధతి వచ్చింది.

ఇంజనీరుగా ఒక్కమాట: భూమి అడుగున మంచినీరు తగ్గితే ఆ చోటుకు సముద్రం వస్తుంది. కొత్త బోరు వేసేముందు, పాత చెరువులో పూడిక తీద్దాం.