చిత్రతురగము, పసుపు గణపతి: వాస్తవవాదమును గూర్చి ఒక విచారము



గత శ్రావణమున వరలక్ష్మీవ్రతము చేయించుటకు ఒక గృహమునకు వెళ్లితిని. పీఠముపై కలశము, దాని వెనుక గోడకు లక్ష్మీదేవి పటము. అమ్మవారు పద్మముపై నిలిచియున్నది, ప్రక్కన గజము. పూజ ముగిసిన పిమ్మట ఆ ఇంటి చిన్నపాప నా చెంతకు వచ్చి, "పంతులుగారూ, లక్ష్మీదేవి నిజంగా ఇలాగే ఉంటుందా?" అని అడిగినది. తల్లి వారించినది. నేను తొందరలో నుండి "అవునమ్మా" అంటిని. ఇల్లు చేరిన తరువాత ఆ "అవును" నన్ను విడువలేదు. అది అసత్యమా? కాదన్నచో సత్యమా? ఈ వ్యాసము ఆ ప్రశ్ననుండి పుట్టినది.

కంటికి కనబడినది కనబడినట్లే కలదు, కనబడుటయే దాని స్వరూపము అని తలచుట ఒక దృష్టి. దీనిని అవిచారిత వాస్తవవాదమందము. వస్తువు మన జ్ఞానమునకు వెలుపల నిశ్చయముగా కలదు, కాని మన జ్ఞానము పొరబడవచ్చును, కావున పరీక్ష అవసరము అనుట రెండవ దృష్టి. ఇది విచారిత వాస్తవవాదము. మన శాస్త్రములలో నైయాయికులు ఈ రెండవ మార్గమునకు ఆచార్యులు.

పాఠశాలలో తర్కసంగ్రహము చదివినవారందరికిని ఈ విషయము పరిచితమే. 17వ శతాబ్దికి చెందిన ఆంధ్రుడు అన్నంభట్టు ఆ చిన్నగ్రంథమున అనుభవమును యథార్థము, అయథార్థము అని విభజించెను. వస్తువునందు ఏ ధర్మము కలదో దానినే గ్రహించినచో యథార్థము. ముత్యపుచిప్పయందు లేని రజతత్వమును గ్రహించినచో అయథార్థము. చిప్పయు సత్యమే, మరియొకచోట వెండియు సత్యమే. వాటిని కలిపిన జ్ఞానమే దోషము. ఆ దోషము తెలియుటెట్లు? దూరమున నీరు కనబడినది, పోయి త్రాగితిమి, దాహము తీరినది. ప్రవృత్తి సఫలమైనచో జ్ఞానము ప్రమాణమని నిశ్చయింతురు.

ఈ మతమునకు గొప్ప పరీక్ష బౌద్ధమతమునుండి వచ్చినది. 7వ శతాబ్దిలో భారతయాత్ర చేసిన చైనా భిక్షువు యువాన్ చాంగ్, ఆంధ్రదేశములోని ఒక కొండపై దిఙ్నాగుడు వసించి హేతువిద్యాగ్రంథమును రచించెనని వ్రాసియున్నాడు. ఆ దిఙ్నాగుడే ఆలంబనపరీక్షలో ఒక సూక్ష్మప్రశ్న వేసెను. మన జ్ఞానమునకు విషయమేది? పరమాణువులా? అవి జ్ఞానమునకు కారణమైనను ఆ రూపమున గోచరింపవు. వాటి సముదాయమా? అది గోచరించినను స్వతంత్రముగా సత్తు కాదు గనుక కారణము కాజాలదు. కావున లోపలి ఆకారమే వెలుపల ఉన్నట్లు తోచుచున్నదని ఆయన సిద్ధాంతము.

కుమారిలభట్టు శ్లోకవార్తికమున దీనిని ఖండించెను. స్వప్నజ్ఞానమునకు సైతము ఎప్పుడో ఎక్కడో అనుభవించిన బాహ్యవస్తువే ఆధారమని ఆయన వాదము. ఆశ్చర్యకరమైన విషయమేమనగా, జగత్తును మిథ్య యనిన శంకరభగవత్పాదులు సైతము బ్రహ్మసూత్రభాష్యమున ఈ ఘట్టమునందు బాహ్యవస్తువు పక్షముననే నిలిచిరి. స్తంభమును చూచువాడు స్తంభమునే చూచుచున్నాడు గాని తన జ్ఞానమును స్తంభముగా చూచుటలేదు. "వెలుపల ఉన్నట్లు" అనుటకైనను వెలుపల అనునది ముందుగా తెలిసియుండవలెను గదా! "అంతయు మాయయే గదా" అని వ్యవహారమును తేలికపరచువారు ఈ భాష్యభాగమును చదువవలెను. వ్యావహారికసత్తను నిలిపిన పిమ్మటనే ఆచార్యులు పారమార్థికమును ఉపదేశించిరి. మెట్టును లేదనినవాడు మేడ నెక్కలేడు.

ఇక కళలయందు ఈ విచారము ఎట్లు సాగినదో చూతము. భరతముని నాట్యమును లోకధర్మి, నాట్యధర్మి అని రెండు విధములుగా చెప్పెను. లోకమున జరుగునట్లు చూపుట మొదటిది. ప్రక్కన నిలిచిన పాత్రకు వినబడని మాట దూరమున కూర్చున్న ప్రేక్షకునకు వినబడుట రెండవది. విష్ణుధర్మోత్తరములోని చిత్రసూత్రము చిత్రములను నాలుగు విధములుగా విభజించి, లోకసాదృశ్యము కలదానికి సత్యమని పేరు పెట్టినది. నిద్రించువానికిని మృతునకును గల భేదమును చూపగలవాడే చిత్రవేత్త యని కూడ చెప్పినది. కావున మన పూర్వులకు యథార్థచిత్రణము తెలియదనుట పొరపాటు. వారు దానిని ఎరిగి, దానికొక స్థానమునిచ్చిరి.

లోకధర్మికి ఆధునికకాలమున మన ఉదాహరణము గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము. 1892లో ప్రదర్శితమై 1897లో ముద్రితమైన ఆ నాటకము వాడుకభాషలో మన వీథిని మనకే చూపినది. దోషమును దిద్దవలెనన్నచో ఉన్నదున్నట్లు చూపవలెను; అచ్చట వాస్తవచిత్రణము ధర్మమే.

దేవతామూర్తి విషయము వేరు. కాశ్మీరదేశపు శ్రీశంకుకుడు నటుని గూర్చి చెప్పిన చిత్రతురగన్యాయము అభినవగుప్తుని వ్యాఖ్యవలన మనకు దక్కినది. చిత్రములోని గుఱ్ఱమును చూచి "గుఱ్ఱము" అందుము. అది నిజమైన గుఱ్ఱమను జ్ఞానము కాదు, భ్రాంతి కాదు, సంశయము కాదు, గుఱ్ఱమును పోలినదను సాదృశ్యజ్ఞానమును కాదు; విలక్షణమైన వేరొక ప్రతీతి. అభినవగుప్తుడు, ఆయన గురువు భట్టతౌతుడు ఈ మతమును అంగీకరింపలేదు. అయినను సత్యము, భ్రాంతి అను రెండు గదులలోనే సమస్తము ఇముడదని గుర్తించుట శంకుకుని ఉపకారము.

ఆ ఇంటి గోడపై పటమునకు కూడ చరిత్ర కలదు. తిరువాన్కూరు రాజ్యమున కిలిమానూరులో జన్మించిన రాజా రవివర్మ (1848–1906) పాశ్చాత్యుల తైలవర్ణపద్ధతిలో దేవతలను చిత్రించి, 1894లో బొంబాయిలో ముద్రణాలయమును స్థాపించెను. ఛాయ, వెలుగు, చీరకుచ్చెళ్లు, మన ఇండ్లలోని స్త్రీలవంటి ముఖము: దేవి ఎదుట నిలిచినట్లే ఉండును. ఆనంద కుమారస్వామివంటి విమర్శకులు ఈ చిత్రములను ఆక్షేపించిరి. కాని మరియొక పార్శ్వము కలదు. ఆ తిరువాన్కూరులోనే హిందువులందరికిని ఆలయప్రవేశప్రకటన 1936లో గాని రాలేదు. ఆలయద్వారము మూయబడిన ఇండ్లకు సైతము కాగితపు దేవుడు వెళ్లగలిగెను. అర్చకుడనైన నేను ఆ పటమును తృణీకరించుటకు ముందు ఈ మాటను తలచుకొని తలవంచవలెను.

దోషము పటమునందు లేదు. దానిని ఛాయాచిత్రమువలె చూచుటలో కలదు. మా ఆలయమున మూలమూర్తి అనేకతరముల అభిషేకముచే అరిగి, ముఖరేఖలు స్పష్టముగా గోచరింపవు. "క్రొత్త విగ్రహము పెట్టినచో దేవుడు నిజముగా ఉన్నట్లుండును" అని కొందరు భక్తులు సూచించిరి. వారి భక్తిని శంకింపను. అంగభంగమువంటి దోషములకు ఆగమములు జీర్ణోద్ధారవిధిని చెప్పినవి. పోలిక చాలలేదనుట అట్టి దోషము కాదు. ఆ అరుగుదల మన తాతముత్తాతల చేతి నీరు. అది పోలికను తీసికొనిపోయినది గాని సాన్నిధ్యమును కాదు.

ఇప్పుడు ఆ పాప ప్రశ్నకు మరల వత్తును. ఆనాడు కలశపూజకు పూర్వము నా చేతితోనే పసుపుముద్దను చేసి గణపతిగా ఆవాహనము చేసితిని. దానికి తొండము లేదు, బొజ్జ లేదు. పూజ జరిగినంతసేపు అది గణపతియే. ఉద్వాసనానంతరము మరల పసుపు. ఆ ఇంట ఎవరును మోసపోలేదు. అది పసుపని అందరికిని తెలియును, నమస్కరించినవారును అందరే. పసుపును పసుపుగా ఎరుగుట వాస్తవవాదము. అంతతో వస్తువు ముగిసినదనుకొనుట అవిచారము.

సమాధానము నా చేతిలోనే ఉండెను, నేను చూడలేదు. ఈ శ్రావణమున ఆ ఇంటికి మరల వెళ్లవలసియున్నది. పాపను ప్రక్కన కూర్చుండబెట్టుకొని పసుపుముద్దను ఆమెచేతనే చేయించి, "ఇది వినాయకునివలె ఉన్నదా తల్లీ?" అని నేనే అడుగుదును. లేదని నవ్వును. అప్పుడు ఆవాహనము చేసి, ఇద్దరమును నమస్కరింతుము.

స్వస్తి.