'టాడ్రి' శబ్దార్థ విచారము

ఆంగ్లభాషయందు 'టాడ్రి' యను విశేషణ మొకటి కలదు. వెలకు నాసియై, తళుకునందు మాత్ర మతిశయించి, చూపరులకు రోఁత పుట్టించు సొగసున కది పేరు. కాకిబంగారు నగలకును, సంతలో నమ్ము జిలుఁగు గుడ్డలకును, పైమెఱుఁగే గాని సారము లేని నడతకును దీనిని వాడుదురు. ఇట్టి నిందాపదమునకు మూలము ఒక రాణి పేరనియు, ఆమె హారములను దోషముగా నెంచి సన్న్యసించిన పుణ్యస్త్రీ యనియు విన్నచో వింత తోఁపక మానదు.

ఆమె పేరు ఎథెల్‌థ్రిత్. ప్రాచీనాంగ్లమున 'ఎథెల్' అనఁగా ఉదాత్తము, 'థ్రిత్' అనఁగా బలము. తూర్పు ఆంగ్లుల రాజగు ఆనా ఆమె తండ్రి. మొదట టోండ్‌బెర్ట్ అను ప్రభువునకును, అతఁడు గతించిన పిమ్మట నార్తంబ్రియా రాజగు ఎక్‌ఫ్రిత్‌నకును ఆమె భార్య యయ్యెను. రెండవ భర్తతోఁ బండ్రెండు సంవత్సరములు కాఁపురముండియుఁ గన్యావ్రతమును విడువక, తుద కతని యనుమతిఁ బడసి కోల్డింగ్‌హామ్ మఠమునఁ జేరెను. పిదప 673లో ఈలీ దీవియందు మఠమును స్థాపించి దాని కధిష్ఠాత్రి యయ్యెను. చిత్తడినేలల నడుమనున్న యా దీవికిఁ బాముచేఁపల వలననే పేరు వచ్చెనని బీడ్ పండితుని వాక్యము.

బీడ్ 731లో ముగించిన ఆంగ్లజాతి మతచరిత్రమందే ఆమె కథ విపులముగా నున్నది. 679లో మెడక్రింద కంతి లేచి ఆమె మరణించెను. చిన్ననాఁడు మెడను మోసిన వృథాహారముల పాపము ఈ బాధచేఁ దీఱుచున్నదని యామె సంతసించెనఁట. కంతిని గోసిన వైద్యుఁడు కినెఫ్రిత్. పదునాఱు సంవత్సరములకు సమాధిని ద్రవ్వి చూడఁగా దేహము చెడక, తాను గోసిన గాయము మాని సన్ననిమచ్చ మాత్రమే కానవచ్చెనని యతఁడు సాక్ష్యము చెప్పెను. మెడ, హారము, ప్రాయశ్చిత్తము: ఈ మూఁడును పదచరిత్రమునకు ముఖ్యములు.

ఎథెల్‌థ్రిత్ పేరు లాటినున 'ఎథెల్‌డ్రెడా'యై, జనుల నోట నరిగి 'ఆడ్రి' యయ్యెను. 'సెయింట్ ఆడ్రి' యని త్వరగాఁ బలుకునపుడు మొదటిమాట తుది టకారము రెండవదానిపైఁ జేరి 'టాడ్రి' పుట్టినది. సంధి నెఱిఁగిన మన పండితులకు ఈ పదవిచ్ఛేద దోషము కొత్త కాదు. లండనునందలి 'టూలీ' వీథి పేరును ఇట్లే 'సెయింట్ ఓలావ్' నుండి వచ్చినది. మొదట 'టాడ్రి' యొంటిగా విశేషణము కాక, 'టాడ్రి లేసు' అను సమాసమున నుండెను. అది మెడకుఁ గట్టుకొను పట్టుత్రాడు. 'లేసు' అనఁగా అప్పటికి రంధ్రముల యల్లిక గాదు, త్రాడే; దానికి మూలమగు లాటిను శబ్దమునకు ఉచ్చు అని యర్థము.

ఈ త్రాళ్లు అక్టోబరు 17న, పుణ్యస్త్రీ యస్థులను దేవాలయమునకుఁ దెచ్చిన దినమునకై జరుగు ఈలీ సంతలో నమ్ముడుపోయెడివి. జాన్సన్ పండితుఁడు 1755 నాఁటి నిఘంటువున పదమును ఆ సంతసరకునుండియే సాధించెను. సంతసరకు చౌక, కాఁబట్టి పదము నీచార్థము నొందెనని పలువురు దానితోనే తృప్తిపడిరి. కాని కాలక్రమము దీనికిఁ జాలినంత సాయపడదు. 1575లో మరణించిన హార్ప్స్‌ఫీల్డ్, ఆంగ్లస్త్రీలు మెడను ధరించు సన్నని పట్టుహారము ఆ పుణ్యస్త్రీ పేరఁ బిలువఁబడుచుండెననియు, ఆమె మాటల జ్ఞాపకార్థమే యది కావచ్చుననియు వ్రాసెను. స్పెన్సరు 1579 నాఁటి గోపాలకావ్యమందు యువతుల నడుమున దీనిని గౌరవముగానే కట్టించెను. 1611 నాఁటికి రంగమెక్కిన షేక్‌స్పియరు 'వింటర్స్ టేల్' నాటకమందు పల్లెపడుచు ప్రియుఁడు వాగ్దానము చేసిన టాడ్రి లేసును కోరును. అది యామెకు విలువగల కానుకయే. అయినను కోరునది పల్లెపడుచని మఱవరాదు. నిందార్థమున విశేషణము ప్రసిద్ధమైనది పదునేడవ శతాబ్ది యుత్తరార్ధమున.

ఈలీ మఠము 1539లో రద్దయి, 1541లో ఆమె సమాధిమందిరము ధ్వంసమయ్యెను. సంత ప్రాఁతది, నింద కొత్తది; కాఁబట్టి కారణమును సంతయం దొక్కచోటనే వెదకుట తగదు. పుణ్యస్త్రీ స్మృతి యున్నంతకాలము చౌకత్రాడైనను ప్రసాదమువలె నుండెను. స్మృతి పోఁగా మిగిలినది పట్టణవాసులు నవ్వుకొను పల్లెటూరి సింగారమే. ఈ యూహయే కాలక్రమమునకు సరిపడును.

అర్థాపకర్షము తెలుఁగునకును కలదు. పరిమళమును గూడఁ జెప్పిన 'కంపు' దుర్గంధమునకే మిగిలినది. వేదాధ్యయనపరుఁడగు 'ఛాందసుఁడు' పాఁతకాలపు చాదస్తమునకు గుఱి యయ్యెను. కాని ఛాందసునిం బరిహసించువాఁడు ఛందస్సు నెఱిఁగియే పరిహసించును. 'టాడ్రి' యనువాఁడు ఎవ్వరి పేరు పలుకుచున్నాఁడో యెఱుఁగఁడు. అందుచేతనే కాఁబోలు, 'ఆడ్రి' యను పేరునకు మాత్ర మీ మచ్చ యంటలేదు. ఇరువదవ శతాబ్ది పూర్వభాగమున ఇంగ్లండునందు అనేకులు తమ కూఁతుండ్రకు ముచ్చటతో నా పేరే పెట్టుకొనిరి.