టీవీ మింగేసిన అంచు

పోయిన వేసవిలో గుర్రంకొండలో పుట్టింట్లో ఉన్నప్పుడు మా పెళ్ళి క్యాసెట్ పని పెట్టుకున్నాను. 1995లో, కోట కొండ కనిపించే మా వాకిట్లోనే పందిరేసి చేసిన పెళ్ళి. క్యాసెట్‌ని మదనపల్లెలో ఫైలుగా మార్పించాం. మూడు గంటల సినిమా, అందులో బంతి భోజనాలే ముప్పావు గంట! పైగా వెడల్పు టీవీకి సరిపోయేలా సాగదీసి ఇచ్చారేమో, అందరం బూరెల్లా ఉన్నాం. దాన్ని అరగంటకి కుదించాలని నా పట్టుదల.

లాప్‌టాప్ తెర చిన్నది. ముక్కలు కత్తిరించే టైమ్‌లైనూ, బొమ్మా అందులోనే ఇరుక్కుని కళ్ళు లాగేస్తుంటే, మా అబ్బాయి హెచ్‌డీఎంఐ వైరు తెచ్చి హాల్లో టీవీకి తగిలించాడు. విండోస్ బటనూ, ‘పి’ కలిపి నొక్కి ‘ఎక్స్‌టెండ్’ ఎంచుకున్నాడు. లాప్‌టాప్‌లో టైమ్‌లైన్, ఓ మూల చిన్న బొమ్మ. పెద్ద బొమ్మ టీవీలో. అమ్మకి మాత్రం సీరియల్ పోయింది. మూతి ముడుచుకుని అక్కడే కూర్చుంది.

తలంబ్రాల దగ్గర ఆగాను. లాప్‌టాప్‌లో ఎడమ అంచున, వంటింటి గుమ్మంలో ఒకావిడ నిలబడి ఉంది. తలెత్తి టీవీ చూస్తే ఆవిడ లేదు. గుమ్మమే లేదు.

ఎవరో నాకు వెంటనే తెలిసింది. మా అవ్వ. నన్ను పెంచిందే ఆమె. తాత ఎప్పుడో పోయాడని, శుభకార్యంలో ముందుకి రాకూడదని తనకు తానే లోపల ఉండిపోయింది. నా పెళ్ళయిన రెండేళ్ళకి పోయింది. క్యాసెట్లో ఎక్కడా లేదని ఆ వీడియో తీసినాయన్ని అమ్మ ఇప్పటికీ తిడుతుంది.

మరి ఇన్నేళ్ళూ ఎక్కడ దాక్కుంది? తప్పు ఆయనది కాదు, పాత డబ్బా టీవీలది. 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో తొలి ప్రసారం, 1977లో హైదరాబాద్ దూరదర్శన్, 1982 ఆసియా క్రీడలప్పుడు రంగులు. అప్పటివన్నీ గాజు గొట్టం టీవీలే. అందులో ఎలక్ట్రాన్ల కిరణం 625 గీతల లెక్కన, సెకనుకి 25 బొమ్మలు గీసేది. కరెంటు తగ్గితే బొమ్మ కుంచించుకుపోయేది, గుర్తుందా? టీవీ పక్కన స్టెబిలైజర్ లేని ఇల్లుండేదా? టీవీ పాతబడినా అదే తంతు. చుట్టూ నల్ల అంచు కనిపిస్తే కొన్నవాళ్ళు ఊరుకోరు కదా, అందుకని కంపెనీలు బొమ్మని తెర కంటే కాస్త పెద్దదిగానే గీయించేవి. అంచులు చట్రం వెనక్కి పోయేవి. దీన్నే ఓవర్‌స్కాన్ అంటారు. ఈ సంగతి తెలిసిన ప్రసారాలవాళ్ళు అక్షరాల్నీ ముఖాల్నీ మధ్యలోకి జరిపి ఉంచేవాళ్ళు. పాపం మా అవ్వకి ఎవరు చెప్తారు?

టీవీని కంప్యూటర్‌కి తగిలించడం కూడా కొత్తేమీ కాదు. 1982లో వచ్చిన కమడోర్ 64, జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్‌లకి ఇంట్లో టీవీయే తెర. అక్షరాలు తెగిపోకుండా చుట్టూ వెడల్పుగా రంగు అంచు వదిలేవారు, చీరకి బార్డర్‌లా. తర్వాత కంప్యూటర్ తన మానిటర్ తాను చూసుకుంది. 2002 చివర్లో హెచ్‌డీఎంఐ వచ్చాక ఆ రెండింటికీ ఒకటే వైరు సరిపోయింది. గాజు గొట్టం పోయింది గానీ, అంచు కోసే అలవాటు మాత్రం చాలా టీవీల్లో మిగిలిపోయింది.

మీరూ ఇలా తగిలిస్తే ముందు టీవీ సెట్టింగుల్లో ‘పిక్చర్ సైజ్’ చూడండి. కొన్నిట్లో ‘జస్ట్ స్కాన్’, కొన్నిట్లో ‘స్క్రీన్ ఫిట్’ అని ఉంటుంది. మాది రెండోది. నొక్కగానే బొమ్మ కాస్త వెనక్కి జరిగి, ఎడమ పక్క గుమ్మం తేలింది.

అమ్మ లేచి టీవీ దగ్గరికి వెళ్ళింది.

"మాయమ్మ! ఆడ నిలబడుకోని ఉండాదే!"

సీరియల్ ఊసే ఎత్తలేదు. ఆ పదిహేను క్షణాలు నాలుగుసార్లు వేయించుకుంది. "ఆ చీర నేను తెచ్చిచ్చిందే," అంది.

నేను బంతి భోజనాలు మొత్తం తీసేశాను.