నీటిని తేర్చే గింజలు

ముష్టి చెట్టుకు దగ్గరి చుట్టమైన ఒక అడవి చెట్టు గింజను తెలుగువాళ్లు చిల్లగింజ, ఇండుపగింజ అంటారు. సంస్కృతంలో కతకం. కుండ లోపలి గోడకు దీన్ని అరగదీసి బురద నీరు పోస్తే మడ్డి అడుగుకు దిగి పైన తేట మిగులుతుంది. కలక నీటిని తేర్చే వస్తువులు ఏడని చెప్పిన సుశ్రుత సంహిత కతకంతోనే మొదలుపెట్టి, తామర దుంపనూ గుడ్డనూ కూడా ఆ వరుసలో చేర్చింది. వరాహమిహిరుడు బృహత్సంహితలో బావిలో వేసే చూర్ణానికి తుంగముస్తలు, వట్టివేళ్లు, ఉసిరికలతోపాటు దీన్నీ చెప్పాడు. అయితే చెడిన నీటి విషయానికి వచ్చేసరికి సుశ్రుతం తేర్చడంతో సరిపెట్టుకోలేదు. కాచమంది, ఎండలో పెట్టమంది, కాల్చిన ఇనుమును ముంచమంది. తేట చేయడం ఒక పని, రోగం రాకుండా చూడడం మరో పని అన్న ఈ తేడానే నేటి మూలికా ప్రచారం చెరిపేస్తోంది.

1970లలో సమియా అల్ అజహరియా యాన్ అనే శాస్త్రవేత్త సూడాన్ పల్లెల్లో స్త్రీలు నైలు నది బురద నీటిని మునగ గింజల పిండితో తేర్చుకోవడాన్ని అధ్యయనం చేశాక ఈ విద్య ప్రయోగశాలలకు ఎక్కింది. బంకమట్టి రేణువులన్నిటికీ రుణావేశం ఉంటుంది కనుక అవి ఒకదాన్నొకటి తోసుకుంటూ నీటిలో తేలుతుంటాయి. మునగ గింజలోని ధనావేశపు ప్రొటీన్లు వాటిని ముద్దకట్టించి కిందికి దించుతాయి. వాటితోపాటు నూటికి 90 నుంచి 99 వంతుల బాక్టీరియా కూడా తగ్గుతుందని ప్రయోగాలు చెబుతున్నాయి, ఇక చాలదా అని అడగవచ్చు. పది లక్షల క్రిముల్లో 99 శాతం పోయినా పదివేలు మిగులుతాయి. అడుగుకు దిగినవన్నీ చచ్చినట్టు కాదు. పైగా పిండిలోంచి నీటిలో కరిగిన సేంద్రియ పదార్థం, నిలవ ఉంచితే, మిగిలినవాటికి మేతవుతుంది.

అలాంటప్పుడు పటిక ఉండగా గింజలెందుకన్నది ఎదురు ప్రశ్న. పటిక నీటి ఆమ్లతను పెంచుతుంది, గింజ పెంచదు. కానీ ఎంత వేయాలన్నది గింజను బట్టి, నీటిని బట్టి మారుతుంది కనుక ఊరంతటికీ సరఫరా చేసే నీటికి పటికదే పైచేయి. ఇంటి మట్టుకు గింజ విలువ వేరే చోట ఉంది: మడ్డి చాటున దాగిన క్రిమిని క్లోరిన్ గానీ ఎండ గానీ సరిగా తాకలేవు. తేర్చిన నీటిలో అవి బాగా పనిచేస్తాయి. ఉత్త వడపోతనూ తీసిపారేయలేం. బంగ్లాదేశ్‌లో పాత నూలు చీరను మడతలు పెట్టి నీరు వడగట్టిన ఊళ్లలో కలరా 48 శాతం తగ్గిందని 2003లో వెలువడిన అధ్యయనం తేల్చింది. కలరా క్రిమి నీటిలో గుడ్డకు చిక్కే ప్లవక జీవులను అంటిపెట్టుకుని ఉండడమే అందుకు కారణం. కరిగిపోయిన లవణాల సంగతి అలా కాదు. గింజ పిండి మట్టిని దించినంత సులువుగా ఫ్లోరైడును దించలేదు. ఆ విషం తీయడానికి 1970లలో రూపొందిన నల్లగొండ పద్ధతి పటికనూ సున్నాన్నీ నమ్ముకుంది.